కింది స్వరం ఎవరిది?

సినిమా పాట వింటున్నప్పుడు గాయని గొంతు గుర్తుంటుంది. వేణువు గుర్తుంటుంది, వయొలిన్లు గుర్తుంటాయి. తబలా దరువుకి కాలు కదులుతుంది. వీటన్నిటికీ అడుగున మెత్తగా, గంభీరంగా నడిచే స్వరం ఇంకొకటి ఉంటుంది. అది బేస్ గిటార్. దాన్ని విన్నామని ఎవరూ అనరు. కానీ దాన్ని తీసేసి అదే పాట వినిపిస్తే 'ఏదో తగ్గింది' అంటారు. ఏం తగ్గిందో మాత్రం చెప్పలేరు.

ఇల్లాలు ఊరెళ్ళిన ఇల్లు! ఈ పోలిక మీకు ఈపాటికే తట్టి ఉంటుంది. నాకూ తట్టింది. తట్టగానే అనుమానమూ కలిగింది. ఇంత తేలిగ్గా అమరిపోయే పోలికలు ఒక్కోసారి మనచేత ఆలోచన మాన్పిస్తాయి. స్త్రీల శ్రమ కనబడదు, బేస్ గిటార్ వినబడదు, కాబట్టి రెండూ ఒకటే అనేసి చేతులు దులుపుకోవచ్చు. అలా దులుపుకోకుండా ఇంకాస్త దూరం వెళితే ఏమవుతుందో చూద్దామనే ఇది రాస్తున్నాను.

ఒక మహిళా కళాశాలలో ముప్పై ఏళ్ళు తత్వశాస్త్రం పాఠం చెప్పి రిటైరయ్యాక నేను బేస్ గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. "నేర్చుకుంటే వీణ నేర్చుకోవచ్చు కదా వదినా" అని మా ఆడపడుచు ఇప్పటికీ అంటూనే ఉంటుంది. మొన్న ఒక రెండో శనివారం నేను వెళ్ళే సికింద్రాబాద్ సంగీత పాఠశాలలో రోజంతా బేస్ గిటార్ వర్క్‌షాప్ పెట్టారు. పొద్దున్న పది గంటలకి మొదలై సాయంత్రం ఆరుదాకా సాగింది. మొత్తం పద్నాలుగు మందిమి. అందులో ఆడవాళ్ళం ముగ్గురం. నేను కాక ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, లాలాగూడ నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ళ అమ్మాయి. ఆ అమ్మాయి ప్రతి ఆదివారం చర్చిలో బేస్ వాయిస్తుంది. ఎలా మొదలుపెట్టావని అడిగితే నవ్వింది. "అన్నయ్య గిటార్ తీసుకున్నాడు మేడమ్, తమ్ముడు డ్రమ్స్ తీసుకున్నాడు. మిగిలింది ఇది."

మొదటి గంటన్నర శరీరంతోనే సరిపోయింది. వాయిద్యం బరువు దాదాపు నాలుగు కిలోలు. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ కొలతే ఈనాటికీ ప్రమాణం. బ్రిడ్జి నుంచి మెడ చివరిదాకా మోగే తీగ పొడవు 34 అంగుళాలు. నా ఎడమచేతి చిటికెనవేలు నాలుగో మెట్టు చేరేసరికి మణికట్టు లాగేస్తుంది. 30 అంగుళాల పొట్టి బేసులూ ఉన్నాయి కానీ దుకాణంలో అడిగితే అవి పిల్లల కోసం అన్నట్టు చూస్తారు. (ప్రమాణం అన్న మాట ఎవరి చెయ్యి కొలిచి పెట్టారో అన్నది ఇంకో వ్యాసం.) సార్ మాత్రం మంచి మాట చెప్పారు. "చెయ్యి సాగదీయకండి మేడమ్, జరపండి." నెలల తరబడి పడుతున్న నొప్పి ఆ ఒక్క మాటతో సగం తగ్గింది.

తర్వాత మౌనం మీద పాఠం. నాలుగు తీగలూ లావుపాటివి, ఒకటి మీటితే పక్కది కూడా తనంతట తానే మూలుగుతుంది. అందుకని మోగించే వేలు ఒకటైతే మిగతావాటిని నొక్కిపెట్టి ఉంచే వేళ్ళు మూడు. స్వరాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆపాలో అంతే ముఖ్యం. సార్ ఒకే వరసని రెండుసార్లు వాయించారు. మొదటిసారి స్వరాలని సాగనిచ్చారు, రెండోసారి కత్తిరించారు. స్వరాలు అవే, పాట వేరైపోయింది. ఇది నాకెంతో నచ్చింది. కళలో నిగ్రహం అంటే ఏమిటో పుస్తకాల్లో చదివి చెప్పాను గానీ వేళ్ళ చివర తెలుసుకున్నది ఆ ఉదయమే.

సరిగ్గా అక్కడే సార్ ఒక మాట అన్నారు. "బేస్ బాగా వాయిస్తే ఎవరికీ తెలియకూడదు. తప్పు వాయిస్తేనే అందరికీ తెలుస్తుంది."

అందరూ తలలూపారు. ఇది ఆయన సొంత మాట కాదు, బేస్ నేర్పే ప్రతి గదిలోనూ ఏదో ఒక రూపంలో వినబడేదే. నాకు మాత్రం మా అమ్మ తరం ఆడపిల్లల మెప్పు గుర్తొచ్చింది. "ఆ పిల్ల ఇంట్లో ఉందా లేదా అన్నట్టుంటుంది." మన భాషలో ఇంతకన్నా పెద్ద ప్రశంస లేదు ఆడపిల్లకి! ఉండీ లేనట్టుండడం.

కానీ ఆ మాటని పూర్తిగా కొట్టిపారెయ్యలేను. అందులో రెండు సంగతులు చిక్కుపడి ఉన్నాయి. ఒకటి పనికి సంబంధించిన క్రమశిక్షణ. ఖాళీ కనబడిందని దూరిపోకు, పాటకి ఏం కావాలో విను, నీ వేళ్ళ వేగం చూపించుకునే చోటు ఇది కాదు. ఇది నిజం. అహాన్ని తగ్గించుకోవడం ఏ పనిలోనైనా గౌరవించదగ్గదే. రెండోది, పని చేసిన మనిషి తెలియనక్కర్లేదు అన్నది. మొదటి మాట నిజాన్ని కప్పుకుని ఈ రెండో మాట చప్పుడు లేకుండా లోపలికి వచ్చేస్తుంది. పాటలో వినబడకపోవడం వాయించేవాళ్ళు ఎంచుకున్నది కావచ్చు. పుస్తకంలో పేరు లేకపోవడం వాళ్ళు ఎంచుకున్నది కాదు.

మన కచేరీల్లో ఈ తేడా ఒకప్పటి నుంచీ ఉంది. పక్కవాద్యం అన్న పేరులోనే 'పక్క' ఉంది. అయినా ఆహ్వానపత్రికలో వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని వేస్తారు. 2021లో మృదంగానికి పద్మశ్రీ అందుకున్న దండమూడి సుమతి రామమోహనరావు గారు పక్కన కూర్చునే వాద్యంతోనే అక్కడిదాకా వెళ్ళారు. తంబురా వేసే మనిషి సంగతి వేరు. శ్రుతి ఆమె చేతిలో ఉంటుంది. అది తప్పితే వేదిక మీద అందరూ తప్పుతారు. పత్రికలో పేరు చాలాసార్లు ఉండదు. వెనక కూర్చునే ఆ మనిషి శిష్యురాలో, భార్యో అయితే అసలు అడిగేవాళ్ళే ఉండరు.

పన్నెండు దాటాక జరిగిన ఒక ప్రయోగంతో నా పోలిక పూర్తిగా పక్కకి జరిగింది. ఒక కుర్రాడిని కీబోర్డు మీద మూడు స్వరాలు కలిపి పట్టుకోమన్నారు. మన లెక్కలో స, గ, ప. చేతులు కదపొద్దన్నారు. లాలాగూడ అమ్మాయి బేస్ మీద కింది 'స' వాయించింది. గదిలో ఎండ కాసినట్టు సంతోషంగా ఉంది. తర్వాత ఆ అమ్మాయి కింది 'ద'కి మారింది. పైన కుర్రాడి వేళ్ళు అక్కడే ఉన్నాయి, అతను ఏమీ మార్చలేదు. అయినా ఎండ పోయి మబ్బు వేసింది. మేజర్ కార్డ్ కాస్తా మైనర్ అయిపోయింది! "నేనేం చెయ్యలేదు సార్" అన్నాడు ఆ కుర్రాడు, పట్టుబడ్డవాడిలా. అందరం నవ్వాం.

దీన్ని 'సహకారం' అని ఎలా అంటాం? పైన పాడేవాళ్ళ అర్థాన్ని కింది స్వరం నిర్ణయిస్తోంది. తను మారితే వాళ్ళు పాడినదాని పేరే మారిపోతోంది. అది ఆధారం కాదు, అధికారం. స్త్రీల శ్రమ గురించి మాట్లాడేటప్పుడు మనం 'పునాది', 'వెన్నెముక', 'మూలస్తంభం' లాంటి మాటలు విరివిగా వాడతాం. ఈ మాటలన్నీ కదలనివి, ఆలోచించనివి. మొయ్యడం తప్ప ఇంకేమీ తెలియనివి. బేస్ వాయించే మనిషి మొయ్యడం లేదు. ప్రతి క్షణం ఎంచుకుంటోంది. ఆ ఎంపికని మోతగా వర్ణించి పొగడడం కూడా దాన్ని కనబడకుండా చేసే పద్ధతే. వంటింటి గురించి మనం రాసిన కవిత్వంలో కొంత ఈ పని చేసిందని నా అభిప్రాయం.

భోజనాల దగ్గర కేరల్ కే గురించి వాదన వచ్చింది. ఈ వ్యాసం నిజానికి ఆ వాదన కోసమే.

కేరల్ కే 1935లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవరెట్‌లో పుట్టింది. సంగీత పాఠాలు చెప్పుకుంటూ, లాస్ ఏంజెలెస్ క్లబ్బుల్లో జాజ్ గిటార్ వాయిస్తూ, తర్వాత రికార్డింగ్ స్టూడియోల్లోకి వచ్చింది. 1958లో రిచీ వాలెన్స్ 'లా బాంబా'లో రిథమ్ గిటార్ ఆమెదే. 1963లో ఒక రికార్డింగ్‌కి బేస్ వాయించే అతను రాకపోతే ఆ వాయిద్యం ఆమె చేతికి వచ్చింది. ఇక అక్కడి నుంచి గదినిండా మగవాళ్ళు, మధ్యలో ఒక్క ఆడమనిషి, ఆ మనిషి చేతిలో బేస్. బీచ్ బాయ్స్ 1966 ఆల్బమ్ 'పెట్ సౌండ్స్'లో ఆమె ఉంది. నాన్సీ సినాత్రా పాడిన 'దీజ్ బూట్స్ ఆర్ మేడ్ ఫర్ వాకింగ్'లో ఉంది. మొత్తం పదివేల రికార్డింగులు అని అంచనా. 1969లో ఆమె రాసిన బేస్ పాఠాల పుస్తకంతో ఎంతోమంది ఈ వాయిద్యం నేర్చుకున్నారు. ఆ కాలపు రికార్డు అట్టల మీద మాత్రం వాయించినవాళ్ళ పేర్లు వెయ్యడం అరుదు. బీచ్ బాయ్స్ కోసం ఆమె వాయించిందని మనకి రుజువుగా మిగిలింది వాద్యకారుల యూనియన్ కాంట్రాక్టు కాగితాలు, అంటే కూలి లెక్కలు. కళ మరిచిపోయిన పేరుని కూలి లెక్క గుర్తుపెట్టుకుంది.

2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెని ఎంపిక చేస్తే, తొంభై ఏళ్ళ వయసులో, వద్దంది. తమ బృందానికి తర్వాతెవరో తగిలించిన 'రెకింగ్ క్రూ' అన్న పేరు కూడా తనకి నచ్చదని చాలాకాలంగా చెబుతూనే ఉంది.

ఇంతవరకూ మనకి బాగా తెలిసిన కథ. చిక్కు ఇక్కడ మొదలవుతుంది. 1960ల నాటి మోటౌన్ కంపెనీ హిట్ పాటలు కొన్నిటిలో బేస్ తనదేనని ఆమె చెప్పింది. వాటిలో స్టీవీ వండర్ 1967లో పాడిన 'ఐ వాజ్ మేడ్ టు లవ్ హర్' ఒకటి. కాదు, అది జేమ్స్ జేమర్సన్ వాయించింది అని మోటౌన్‌లో పనిచేసినవాళ్ళు అన్నారు. జేమర్సన్ జీవితం మీద 1989లో పుస్తకం రాసిన ఆలన్ స్లట్స్కీ కూడా అదే అన్నాడు.

జేమర్సన్ ఎవరు? సౌత్ కరోలినాలో 1936లో పుట్టిన నల్లజాతి మనిషి. డెట్రాయిట్‌లో ఒక మామూలు ఇంటిని స్టూడియోగా మార్చిన చోట, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో బేస్ మీటి, ఆ వాయిద్యం చరిత్రనే మార్చాడు. ఆ కంపెనీ కూడా రికార్డు అట్టల మీద వాద్యకారుల పేర్లు వేసేది కాదు. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' వచ్చేదాకా పెద్ద రికార్డు మీద ఆయన పేరు చూసినవాళ్ళు లేరు. 1983లో మోటౌన్ తన పాతికేళ్ళ వేడుక జరుపుకున్నప్పుడు ఆయన టిక్కెట్టు కొనుక్కుని జనంలో కూర్చున్నాడని చెబుతారు. అదే ఏడాది ఆగస్టులో 47 ఏళ్ళకి చనిపోయాడు.

భోజనం బల్ల దగ్గర సాఫ్ట్‌వేర్ అమ్మాయి గట్టిగా నిలబడింది. "ఆడది చెప్తే నమ్మరు. అదే మగవాడు 'నేను వాయించాను' అంటే ఎవడైనా రుజువు అడుగుతాడా?" చెన్నైలో స్టూడియోల్లో పనిచేసి వచ్చిన ఒక కుర్రాడు అంతే గట్టిగా అన్నాడు. "చచ్చిపోయినవాడు వచ్చి చెప్పుకోలేడు కదా అక్కా."

ఇద్దరి మాటా నాకు తగిలింది. మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన పుస్తకంలో ఈ అన్యాయానికి ఒక పేరు పెట్టింది. మాట్లాడే మనిషి ఫలానా జాతి, ఫలానా లింగం అన్న దురభిప్రాయంతో ఆమె మాటకి దక్కాల్సిన విలువ తగ్గించడం. చాలా ఏళ్ళు ఆ పాఠం చెప్పాను. అంతకన్నా దగ్గరిది ఇంకొకటి ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న జీవితాలు అవి. ఆ మాటలకి ముద్ర వేసిన కాగితాలు అడిగితే ఆ పుస్తకమే లేదు, ఆ చరిత్రే లేదు. మనలో చాలామందిమి స్త్రీ చెప్పిన మాటే సాక్ష్యం అన్న నమ్మకంతో పెరిగాం. ఆ నమ్మకం నాకిప్పటికీ ఉంది. మరి అక్కడ కాగితం అడగని నేను కేరల్ కేని ఏ మొహంతో అడుగుతాను?

కానీ ఒక తేడా ఉంది. తెలంగాణ స్త్రీలు మాట్లాడింది మౌనానికి ఎదురుగా. వాళ్ళని వంటకీ, కబుర్లు మొయ్యడానికీ, దాక్కునే చోట్లు కాపాడడానికీ వాడుకుని, గెలుపోటముల కథ రాసేటప్పుడు పక్కన పెట్టిన ఒక పెద్ద మౌనం. వాళ్ళు నోరు విప్పితే పోయేది ఆ మౌనమే తప్ప ఇంకొక నోరులేనివాడి కూడు కాదు. ఇక్కడ ఒక సాక్ష్యానికి ఎదురుగా ఉన్నది ఇంకొక సాక్ష్యం. ఒక చెరిగిపోయిన పేరుకి ఎదురుగా ఉన్నది ఇంకొక చెరిగిపోయిన పేరు. ఫ్రికర్ చెప్పిన అన్యాయంలో చెప్పేవాళ్ళు ఒకరు, వినేవాళ్ళు ఒకరు. ఇద్దరు అన్యాయమైపోయినవాళ్ళు ఒకే పాట దగ్గర నిలబడితే వినేవాళ్ళు ఏం చెయ్యాలి?

తప్పంతా పేర్లు వెయ్యని కంపెనీలదే అనడం సులువు. అది నిజం కూడా. పది రూపాయల ఖర్చు లేని ఒక్క అచ్చు వాక్యం మిగుల్చుకుని, ఏళ్ళ తరబడి తెగని తగువు వీళ్ళ నెత్తిన పెట్టారు. మోటౌన్ లాస్ ఏంజెలెస్‌లో కూడా రికార్డింగులు చేసింది, అందుకే తగువు తెమలదు. కానీ కంపెనీని తిట్టేసినంత మాత్రాన నా బాధ్యత తీరదు. రేపు క్లాసులో ఆ పాట వినిపిస్తే ఎవరి పేరు చెప్పాలి? పేరు చెప్పకుండా ఉంటే నేనూ రికార్డు అట్టనే.

నేను జేమర్సన్ పేరు చెబుతాను. ఆ గదిలో ఉన్నవాళ్ళు ఆయనే అన్నారు. ఆయన మిగతా వాయింపు ఎరిగిన చెవికి ఆ నడక ఆయనదిగానే వినబడుతుంది. ఒక తెల్లజాతి స్త్రీని చరిత్రలో నిలబెట్టడానికి ఒక నల్లజాతి మనిషిని రెండోసారి చెరిపేస్తే అది స్త్రీవాదం అవుతుందని నేను అనుకోను. అలాగని కేరల్ కే అబద్ధం ఆడిందనీ అనను. రోజుకి రెండు మూడు రికార్డింగులు, ముందు పెట్టిన కాగితం చూసి వాయించడం, ఆ పాట ఎవరి పేరుతో బయటికి వస్తుందో కూడా తెలియకుండా ఇంటికి వెళ్ళడం. అలాంటి పదేళ్ళని ఏ కాగితం సాయమూ లేకుండా గుర్తుచేసుకోమంటే మనలో ఎవరికి సాధ్యం? ఆమె జ్ఞాపకం కూడా ఆ వ్యవస్థ పాడుచేసినదే. తగువు లేని వేల పాటలున్నాయి ఆమెకి. అవి చాలు, గొప్పగా చాలు.

సాఫ్ట్‌వేర్ అమ్మాయికి నా జవాబు నచ్చలేదు. "మీరు కూడా చివరికి కాగితం వైపే వెళ్ళారు మేడమ్" అంది. కాగితం వైపు కాదని నేను అనుకుంటున్నాను. నోళ్ళ వైపే వెళ్ళాను, రెండు వైపుల నోళ్ళూ విన్నాను. కానీ ఆమె అన్నదానిలో కొంత బరువు ఉంది. సాక్ష్యం చెప్పడానికి బతికున్నవాళ్ళు, పక్కన నిలబడే స్నేహితులు, పుస్తకం రాసేవాడు ఉండడం కూడా ఒక ఆస్తే. ఆ ఆస్తి గదిలో ఒక్కతే ఉన్న ఆడదానికి తక్కువ. ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

మధ్యాహ్నం మోహినీ డే వీడియో చూపించారు. 1996లో ముంబైలో పుట్టి, బేస్ వాయించే తండ్రి దగ్గర నేర్చుకుని, జాకిర్ హుసేన్‌తో, ఎ.ఆర్. రెహమాన్‌తో వాయించి, 2023లో తన పేరుతోనే ఆల్బమ్ తెచ్చింది. బొటనవేలితో తీగని కొట్టి, చూపుడువేలితో లాగి, ఆమె చేసే వేగానికి గదిలో ఈలలు పడ్డాయి. "అచ్చం మగాడిలా వాయిస్తోంది" అన్నారెవరో వెనక నుంచి, మెచ్చుకోలుగానే. లాలాగూడ అమ్మాయి వెనక్కి తిరగకుండానే అంది. "మీరు ఎవరిలా వాయిస్తారు?" జవాబు రాలేదు. నాకు మాత్రం ఆ వీడియో తర్వాత కొంచెం దిగులేసింది. బేస్ పట్టుకున్న ఆడపిల్ల వినబడాలంటే ఇంత వేగం కావాలా? కింది స్వరంలో నిదానంగా నడిచే అమ్మాయికి చోటు ఎక్కడ? ముందుకొచ్చి సోలో వాయించడం ఒక విముక్తే, కాదనను. వెనక నిలబడే మనిషికి వెనక నిలబడి ఉండగానే పేరుండడం ఇంకొకటి. మనం మొదటిదాన్ని పండగ చేసుకున్నంతగా రెండోదాన్ని అడగలేదు.

ఆఖరి గంట అందరం వంతులవారీగా డ్రమ్స్‌తో కలిసి వాయించాం. నా వంతులో పన్నెండు బార్లు. లయ తప్పలేదు. ఫోన్లో ఎవరో రికార్డు చేశారు. అన్నిటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్‌లో అది సరిగా పలకదు కాబట్టి ఆ వీడియోలో నేను ఊరికే వేళ్ళు కదుపుతున్నట్టుంటుంది. మా ఆడపడుచు చూసి "ఏదీ వదినా, నీ చప్పుడు?" అంది.

మెట్టుగూడ దాకా లాలాగూడ అమ్మాయీ నేనూ ఒకే ఆటోలో వచ్చాం. వాళ్ళ చర్చిలో పండగలకి పాటల కార్యక్రమం అచ్చు వేస్తారట. ప్రసంగం ఎవరిది, పాడేది ఎవరు అని ఉంటుంది. వాయించేవాళ్ళవి ఉండవు. పోయిన క్రిస్మస్‌కి ఈ అమ్మాయి పెద్దల దగ్గరికి వెళ్ళి, మా నలుగురి పేర్లూ వెయ్యండి అని అడిగింది. దేవుడి సేవకి పేరెందుకమ్మా అన్నారట.

"నువ్వేమన్నావు?"

"మరి ప్రసంగం పక్కన పేరెందుకు అంకుల్ అన్నాను మేడమ్."

కమిటీలో పెట్టి చెబుతామన్నారట. ఇంకా చెప్పలేదు. ఈసారి ఈస్టర్ కార్యక్రమం అచ్చుకి వెళ్ళేముందు మళ్ళీ అడుగుతానంది. ఒంటరిగా కాదట, డ్రమ్స్ వాయించే తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్తుందట.